అనుమతి వేరు, అధికారం వేరు

2024 జూలై 1వ తేదీన భారతీయ శిక్షాస్మృతి చరిత్రలో కలసిపోయినది. 1860లో రూపొందిన ఆ స్మృతి స్థానే భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. ఏ సెక్షను ఎందుకు పోయినది, ఏది కొత్తగా చేరినది అని న్యాయవాదులు, పత్రికలవారు విపులంగానే చర్చించినారు. కాని పాత 312వ సెక్షను 88వ సెక్షనుగా మారిన సంగతిని పట్టించుకొన్నవారు చాల తక్కువ. పట్టించుకోవలసినంత మార్పు అందులో లేకపోవటమే అందుకు కారణం కావచ్చును. గర్భవతికి గర్భస్రావం కలిగించినవారికి, అది ఆమె ప్రాణరక్షణకై సద్బుద్ధితో చేసినది కానప్పుడు, మూడేండ్లవరకు ఖైదు. కడుపులో బిడ్డ కదలిక తెలిసిన తరువాత చేసినదైతే ఏడేండ్లవరకు. తనకు తానుగా గర్భస్రావం కలిగించుకొన్న స్త్రీ కూడ ఈ నేరం క్రిందికే వచ్చును. మెకాలేనాటి భావం కొత్త అంకె తగిలించుకొని యథాతథంగా నిలిచినది.

చదువుకొన్నవారిలో సైతం ఎక్కువమందికి ఈ విషయం వింతగా తోచును. భారతదేశంలో గర్భవిచ్ఛిత్తి అర్ధశతాబ్దికి పూర్వమే చట్టసమ్మతమైనది కదా, అమెరికావంటి దేశంలోనే ఆ హక్కు ఊడిపోతున్న రోజులలో మన చట్టం ఎంతో ఉదారమైనది కదా అని వారి నమ్మకం. ఆ నమ్మకంలో సగం సత్యం ఉన్నది. రెండవ సగం ఏమనగా, మన చట్టం స్త్రీకి హక్కు ఇవ్వలేదు. వైద్యునికి మినహాయింపు ఇచ్చినది. గర్భవిచ్ఛిత్తి నేరమే, అయితే ఫలానా నియమాలకు లోబడి చేసిన వైద్యుడు దోషి కాడు. అనుమతి వేరు, అధికారం వేరు. ఈ రెంటికీ నడుమ ఉన్న దూరంలోనే ఎందరో స్త్రీలు దారి తప్పుతున్నారు.

ఈ చట్టం పుట్టిన తీరు గమనించదగినది. 1964లో కేంద్రప్రభుత్వం శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. ఆ సంఘం 1966 డిసెంబరులో నివేదిక సమర్పించినది. నాడు దేశమంతటా చాటుమాటు గర్భస్రావాలు విచ్చలవిడిగా జరుగుతుండేవి. మంత్రసానులు, నాటువైద్యులు, పుల్లలు, పసరులు. చివరకు రక్తస్రావం, విషజ్వరం, మరణం. ఈ మరణాలను ఆపవలెనన్నదే సంఘం ముఖ్యోద్దేశం. జనాభా తగ్గించే సాధనంగా దీనిని వాడుకొనటం ఆచరణయోగ్యం కాదని కూడ సంఘం స్పష్టంగానే చెప్పినది. అయినప్పటికీ ఆనాటి ప్రభుత్వంలో జనాభా భయం కొట్టవచ్చినట్లు కనిపించేది. 1967లో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖను చేపట్టిన శ్రీపతి చంద్రశేఖర్ స్వయంగా జనాభాశాస్త్రవేత్త, రాజమహేంద్రవరంలో పుట్టినవాడు. ఆయన మంత్రిగా ఉన్న కాలంలోనే బిల్లు రూపు దిద్దుకొని 1969లో రాజ్యసభకు వచ్చినది. 1971 ఆగస్టు 10న చట్టమై, 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది.

రాజమహేంద్రవరం పేరు వచ్చినది గనుక ఒక మాట. 1881 డిసెంబరులో వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం జరిపించినది ఆ పట్టణంలోనే. బాలవితంతువులు గర్భవతులైనప్పుడు వారిని కుటుంబాలు ఏమి చేసేవో ఆనాటి సంస్కర్తలందరికీ తెలుసు. తెలిసి కూడ పైకి చెప్పనివారే ఎక్కువ. నేటి చట్టపు నియమాలలో ‘గర్భం కొనసాగుతుండగా వైధవ్యం పొందిన స్త్రీ’ అన్న వర్గం ఒకటి ఉన్నది. నూరేండ్లకు పైగా పరువుమాటున దాగిన దుఃఖం చట్టపుపుస్తకంలో ఒక పంక్తిగా మారటానికి అంతకాలం పట్టినది.

ఇక చట్టంలోని వాక్యనిర్మాణం. వ్యాకరణం బోధించే ఉపాధ్యాయులు దీనిని తప్పక పరిశీలించవలెను. మూడవ సెక్షను ప్రకారం గర్భం కొనసాగటంవల్ల స్త్రీ ప్రాణానికిగాని, ఆమె శారీరక మానసిక ఆరోగ్యానికిగాని తీవ్రమైన హాని కలుగునని, లేదా పుట్టబోయే బిడ్డకు తీవ్రమైన వైకల్యం ఏర్పడునని, వైద్యుడు సద్బుద్ధితో అభిప్రాయపడినప్పుడు గర్భవిచ్ఛిత్తి చేయవచ్చును. ఈ వాక్యంలో అభిప్రాయపడే కర్త వైద్యుడు. మోయవలసిన ఆమె ‘నాకు వద్దు’ అన్నంత మాత్రాన, అది ఎంత తొలినాళ్ళలోనైనా, చట్టం దృష్టిలో చాలిన కారణం కాదు. ఆమె సమ్మతి అవసరమే. ఆమె నిర్ణయం మాత్రం చాలదు.

2021లో ఈ చట్టాన్ని సవరించినారు. 20 వారాలవరకు ఒక్క వైద్యుని అభిప్రాయం చాలునన్నారు. 20 నుండి 24 వారాలవరకు, నియమాలలో పేర్కొన్న కొన్ని వర్గాలవారికి, ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో అనుమతి లభించును. అత్యాచారానికి గురియైనవారు, మైనరు బాలికలు, గర్భం మధ్యలో భర్తను కోల్పోయినవారు లేదా విడాకులు పొందినవారు, దివ్యాంగులు మొదలైనవారు ఆ వర్గాలలోనివారు. పిండానికి తీవ్రవైకల్యం ఉన్నదని వైద్యమండలి నిర్ణయించినచో వారాల పరిమితి లేదు. గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భంలో ‘వివాహిత, ఆమె భర్త’ అని పూర్వం ఉన్నచోట ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని మార్చినారు. ఇది చిన్న మార్పు కాదు. అవివాహిత కూడ చట్టానికి కనిపించినది.

కనిపించినదని చట్టం అన్నా ఆసుపత్రి అనవద్దా? 2022లో ఢిల్లీలో 25 ఏండ్ల అవివాహిత ఒకామె, ప్రేమించినవాడు పెండ్లికి నిరాకరించగా, 24 వారాలు నిండబోతున్న దశలో హైకోర్టుకు పోయినది. సమ్మతితో ఏర్పడిన సంబంధం గనుక నియమాలలోని వర్గాలలో ఆమె చేరదని హైకోర్టు త్రోసిపుచ్చినది. సుప్రీంకోర్టు జూలై 21న మధ్యంతరంగా అనుమతించి, సెప్టెంబరు 29న పూర్తి తీర్పు చెప్పినది. న్యాయమూర్తులు చంద్రచూడ్, బోపన్న, పార్దీవాలా ఇచ్చిన ఆ తీర్పు పలుకారణాలవల్ల గొప్పది. పెండ్లి అయినదా లేదా అన్న భేదం చెల్లదని చెప్పినది. ఈ చట్టం వరకు అత్యాచారం అన్న మాటలో భర్త చేసిన బలాత్కారం కూడ చేరునన్నది. అన్నింటికన్న ముఖ్యంగా, చట్టం అడగని షరతులను వైద్యులు విధించరాదన్నది. భర్త సంతకం, తండ్రి సంతకం, పోలీసు కాగితం, కోర్టు ఉత్తరువు, వీనిలో ఏదీ పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీ విషయంలో అవసరం లేదు. ఆమె సంతకం చాలును.

కాని ‘మీవారిని పిలుచుకొని రండి’ అన్న మాట ఎన్ని ఆసుపత్రులలో మామూలు మాటయో అందరికీ తెలిసినదే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెతకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. అయితే పూజారి దుర్మార్గుడు గనుక కాదు, భయస్థుడు గనుక. రేపు ఆమె బంధువులు వచ్చి గొడవ చేస్తే తనకు దిక్కెవరన్నది అతని భయం. ఆ భయానికి మూలం శిక్షాస్మృతిలోనే ఉన్నది. చేసిన పని నేరంలో మినహాయింపు అయినప్పుడు, మినహాయింపును రుజువు చేసే కాగితాలకై చేసేవాడు ఆరాటపడటం సహజం.

ఇక్కడ కాలం లెక్క ఒకటి చెప్పుకోవలెను. మన ఊళ్ళలో గర్భాన్ని నెలలతో లెక్కించుదురు. చట్టం వారాలతో లెక్కించును. అదికూడ చివరిసారి బహిష్టు అయిన మొదటిరోజు నుండి లెక్కించును. అంటే నెల తప్పినదని స్త్రీ గుర్తించే నాటికే నాలుగు వారాలు గడచిపోయినట్లు. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లికి, రక్తహీనతతో బహిష్టు సరిగా రాని కూలిస్త్రీకి, ఏమి జరుగుతున్నదో తెలియని పదునాలుగేండ్ల బాలికకు ఆ గుర్తింపు మరెంతో ఆలస్యమగును. ఆ పైన డబ్బు సమకూర్చుకొనటం ఒక వారం. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో వైద్యుడుంటే ఆయన పై ఆసుపత్రికి పంపును. 2021–22 ప్రభుత్వ లెక్కల ప్రకారం గ్రామీణ సామాజిక ఆరోగ్యకేంద్రాలలో ఉండవలసిన ప్రసూతివైద్య నిపుణులలో నూటికి 74 మంది కొరత. జిల్లా కేంద్రానికి పోతే స్కానింగు. ఆ తరువాత ‘మీవారిని పిలుచుకొని రండి.’ మీవారు చెన్నైలోనో గల్ఫులోనో ఉందురు. పిండంలో లోపాలను కనిపెట్టే టిఫా స్కాన్ చేసేది కూడ సాధారణంగా 18, 20 వారాల నడుమనే. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చేది ఈ విధంగానే.

గొడ్డలిదాకా రాకుండా ఉండటానికి స్త్రీలు ఏమి చేస్తున్నారో 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్యపత్రికలో వెలువడిన అధ్యయనం తెలుపుతున్నది. 2015లో మన దేశంలో సుమారు 1 కోటి 56 లక్షల గర్భవిచ్ఛిత్తులు జరిగినవని ఆ పరిశోధకుల అంచనా. అందులో ఆసుపత్రులలో జరిగినవి 34 లక్షలు మాత్రమే. 1 కోటి 15 లక్షలు, అంటే నూటికి 73 వంతులు, ఆసుపత్రి గడప త్రొక్కకుండ మాత్రలతో జరిగినవి. మిగిలిన 8 లక్షలు ఇతర పద్ధతులలో. యాభయ్యేండ్లుగా చట్టం ఉన్న దేశంలో నలుగురిలో ముగ్గురు స్త్రీలు ఆ చట్టం చూపిన ద్వారం గుండా పోవటం లేదన్న మాట.

ఈ మాత్రలను నిందించటంలో అర్థం లేదు. తొలి తొమ్మిది వారాలలో, సరియైన మోతాదులో వాడినచో అవి సురక్షితమైనవే. పుల్లలు, పసరులు వెనుకకు తగ్గి, ఎందరి ప్రాణాలో నిలిచినవంటే ఈ మాత్రల చలవే. దోషం మాత్రలో లేదు; అవి చేతులు మారే తీరులో ఉన్నది. మందుల దుకాణంలో మాటలేమీ లేకుండ పొట్లం కట్టి ఇచ్చే కుర్రవానికి ఆమెకు ఎన్నవ వారమో తెలియదు. గర్భం గర్భాశయం వెలుపల నిలిచినదేమో తెలియదు. రక్తస్రావం ఏ మేరకు మించితే ఆసుపత్రికి పరుగెత్తవలెనో ఆమెకు చెప్పేవారు లేరు. చెప్పవలసిన వైద్యుని వద్దకు ఆమె ఎందుకు పోలేదన్నదే ప్రశ్న.

ఒక కారణం మాటలోనే ఉన్నది. ఆడపిల్లలను కడుపులోనే చంపే ఘోరాన్ని అరికట్టటానికి 1994లో లింగనిర్ధారణ నిషేధచట్టం వచ్చినది. అది అవసరమైన చట్టం. దాని ప్రచారం కోసం ‘భ్రూణహత్య’ అన్న ధర్మశాస్త్రాలనాటి మహాపాతకపు పేరును గోడలమీదికి ఎక్కించినారు. శిక్షార్హమైనది ఆడో మగో చెప్పటం, చెప్పించుకొనటం, ఆ కారణంగా కడుపు తీయించటం. కాని గోడమీది మాట చదివిన స్త్రీకి కడుపు తీయించుకొనటమే హత్యగా అర్థమైనది. తనిఖీల భయంతో మాత్రలు ఉంచటం మానుకొన్న దుకాణదారుకు, సోదాల భయంతో ఆ వైద్యమే వదలుకొన్న డాక్టరుకు కూడ అట్లే అర్థమైనది. మంచి ఉద్దేశంతో ఎంచుకొన్న ఒక్క సంస్కృతపదం రెండు చట్టాలను కలగాపులగం చేసినది. లింగవివక్షను నిరసించే పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఈ భేదాన్ని కూడ అదే పాఠంలో చెప్పినచో ఎంతో మేలు జరుగును. పన్నెండవ తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. జీవశాస్త్ర గ్రంథంలో ప్రజనన ఆరోగ్యం అన్న అధ్యాయమే ఉన్నది. దానిని ఇంటివద్ద చదువుకొమ్మని దాటవేసే తరగతులు ఎన్నో.

బడులకు సంబంధించిన మరొక చిక్కు 2012నాటి పోక్సో చట్టంవల్ల ఏర్పడినది. పదునెనిమిదేండ్లు నిండని బాలికపై లైంగికనేరం జరిగినదని తెలిసిన ఎవరైనను, ఉపాధ్యాయుడైనా వైద్యుడైనా, పోలీసులకు తెలుపక తప్పదు. తోటి విద్యార్థితో ఇష్టపూర్వకంగా మెలగిన పదిహేడేండ్ల పిల్ల విషయంలో కూడ అంతే. కేసు అగునన్న భయంతో అట్టి పిల్లను తల్లిదండ్రులు సర్కారు ఆసుపత్రికి తీసుకొనిపోరు. దొంగచాటు వైద్యుని వద్దకే తీసుకొనిపోవుదురు. 2022 తీర్పు ఈ ముడిని కొంత విప్పినది. బాలికగాని సంరక్షకులుగాని కోరినచో పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు వైద్యుడు వెల్లడించనక్కరలేదని చెప్పినది. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయులు ఎందరు? బడికి రావటం మానివేసిన పిల్లను మొదట గమనించేది వారే కదా.

ఇట్లు వారాలు గడచి గడచి చివరకు కొందరు న్యాయస్థానాలకు చేరుదురు. అక్కడి ఫలితం ఏ న్యాయపీఠం ఎదుట నిలిచినారన్న దానిని బట్టి ఉండును. 2021 అక్టోబరులో తెలంగాణ హైకోర్టు అత్యాచారానికి గురియైన పదహారేండ్ల బాలికకు 26 వారాల గర్భాన్ని తొలగించుకొనుటకు అనుమతించినది. పిండం కన్న బాలిక జీవితాన్ని తక్కువగా ఎంచరాదని దాని భావం. 2023 అక్టోబరులో సుమారు 26 వారాలకే మరొక గర్భిణి సుప్రీంకోర్టుకు వచ్చినది. 27 ఏండ్ల వివాహిత, ఇద్దరు బిడ్డల తల్లి. రెండవ కాన్పు తరువాత మనోవ్యాధితో మందులు వాడుతున్నది. పాలిచ్చే దశలో బహిష్టు లేకపోవటంచేత గర్భం సంగతే ఆలస్యంగా తెలిసినది. 9వ తేదీన ఇద్దరు న్యాయమూర్తులు అనుమతించినారు. పిండం బ్రతికే అవకాశం ఉన్నదని వైద్యులు తెలుపగా, 11వ తేదీన ఆ ఇద్దరే చెరియొక అభిప్రాయం చెప్పినారు. న్యాయమూర్తి హిమా కోహ్లీ తన అంతరాత్మ ఒప్పుకోదన్నది. న్యాయమూర్తి నాగరత్న ఆ తల్లి నిర్ణయాన్ని గౌరవించవలెనన్నది. 16వ తేదీన ముగ్గురు న్యాయమూర్తుల పీఠం నిరాకరించినది.

ఈ కేసు తేలిక కేసు కాదు. వెలుపల బ్రతుకగల దశకు వచ్చిన పిండం విషయంలో వైద్యుల మనస్సు చలించటం అమానుషం కాదు, చలించకపోతేనే ఆశ్చర్యం. గర్భస్థ జీవానికి విలువ లేదని వాదించి ఈ సమస్యను తేల్చివేయదలచినవారు ఆ వైద్యుల బాధను అర్థం చేసుకొనలేరు. కాని ఆ బాధకు జవాబు ఆరంభంలో ఉన్నది, అంతంలో లేదు. ఎనిమిదవ వారంలో నిరాటంకంగా చేయగలిగిన చికిత్సను ఇరువదియారవ వారం దాకా ఈడ్చిన వ్యవస్థ, అప్పుడు పిండంపై దయ చూపమని తల్లిని అడుగుతున్నది. అట్టి కేసుల సంఖ్య తగ్గవలెనన్న కోరిక నిజమైనదైతే తొలి వారాలలో తలుపులు బార్లా తెరవవలెను.

2024 ఏప్రిల్ 22న పదునాలుగేండ్ల బాలికకు, దాదాపు 30 వారాలవేళ, సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చినది. వారంలోగా తల్లిదండ్రులు బిడ్డకు ప్రాణాపాయమని భయపడి మనసు మార్చుకొనగా, 29న ఉత్తరువును వెనుకకు తీసుకొన్నది. తరువాత ఇచ్చిన తీర్పులో, వైద్యమండలులు చట్టపు గళ్ళు నింపి ఊరుకోరాదని, గర్భవతి శారీరక, మానసిక స్థితిని పరిశీలించవలెనని, ఆమె సమ్మతియే ప్రధానమని చెప్పినది. మాట మంచిదే. ఆ పిల్ల మాత్రం పదునాలుగేట తల్లి కావలసివచ్చినది.

చట్టం వైద్యుని భయపెట్టినప్పుడు ఏమి జరుగునో విదేశాల అనుభవం మరింత కటువుగా చెప్పుతున్నది. బెళగావికి చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ 2012లో ఐర్లండులోని గాల్వేలో 17 వారాల గర్భంతో ఆసుపత్రిలో చేరినది. గర్భం నిలవదని తెలిసినది. తీసివేయమని ఆమె అడిగినది. పిండం గుండె కొట్టుకొంటున్నంతవరకు వీలుపడదన్నారు. అక్టోబరు 28న రక్తం విషమై ఆమె మరణించినది. ఆ చావు ఒక జాతి మనస్సును కలచివేసినది. 2018 మే 25న ఐర్లండు ప్రజలు నూటికి 66 మందికి పైగా ఓటువేసి రాజ్యాంగంలోని నిషేధాన్ని తొలగించినారు. అమెరికాలో దీనికి ఎదురుగా జరిగినది. 1973నాటి రో తీర్పును 2022 జూన్ 24న అక్కడి సుప్రీంకోర్టు రద్దు చేయగా, పన్నెండుకు పైగా రాష్ట్రాలు గర్భవిచ్ఛిత్తిని దాదాపు పూర్తిగా నిషేధించినవి. తెలుగు కుటుంబాలు వేలాదిగా నివసించే టెక్సస్ అందులో ఒకటి. తల్లి ప్రాణాపాయం మినహాయింపే అక్కడ కూడ ఉన్నది. తప్పు చేసినాడని తేలిన వైద్యునికి యావజ్జీవ ఖైదువరకు శిక్ష. అపాయం ఎంత ముదిరితే అపాయమని గంట చూచుకొంటూ నిలబడే వైద్యుడు ఐర్లండులో ఉండేవాడు, ఇప్పుడు టెక్సస్‌లో ఉన్నాడు. మెకాలే స్వదేశమైన బ్రిటనులోనో, తన గర్భం విషయంలో స్త్రీని శిక్షించరాదని 2025 జూన్‌లో కామన్స్ సభ అత్యధిక సంఖ్యతో ఓటు వేసినది.

మన దేశం ఆ దారికి ఎన్నడూ దగ్గరగా పోలేదనటం సరి కాదు. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ ఒక ముసాయిదా సవరణను ప్రజల ముందుంచినది. పన్నెండు వారాలవరకు స్త్రీ కోరినచో చాలును, వేరు కారణం చూపనక్కరలేదని అందులో ఉన్నది. శిక్షణ పొందిన నర్సులు, ఆయుష్ వైద్యులు కూడ తొలి వారాల చికిత్స చేయవచ్చునని ఉన్నది. వైద్యసంఘాలు రెండవదానికి తీవ్రంగా అభ్యంతరం చెప్పినవి; ఆయుష్ వైద్యుల విషయంలో ఆ అభ్యంతరానికి కొంత బలం లేకపోలేదు. మొదటిదానికి చెప్పదగిన అభ్యంతరం ఏదీ లేదు. డబ్బు ఖర్చు లేనిది, కొత్త భవనాలు అక్కరలేనిది, ఒక్క వాక్యంలో కర్తను మార్చితే చాలునది. 2020లో లోక్‌సభకు వచ్చిన బిల్లులో ఆ వాక్యం లేదు.